శంకర్ ఇవ్వకుండానే పోయిన షార్ట్ బాల్

నిన్న పొద్దున రాబిగ్ లేబర్ క్యాంపు నుంచి నర్సయ్య ఫోన్.

"శంకరన్న లేడు కాకా."

ఎటు పోయాడు అని అడిగాను.

అవతల ఏడుపు వినబడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

డ్యూటీ బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలిపోయాడట. హాస్పిటల్‌కు చేరేసరికే ప్రాణం లేదన్నారు. హార్ట్ ఎటాక్ అట.

నలభై కూడా నిండలేదు. అరవై దాటిన నేను ఇక్కడ ఖమీస్‌లో కూర్చుని అతని గురించి రాస్తున్నాను. 

రాబిగ్ వాళ్లకు శంకర్ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు.

మాది జగిత్యాల వైపు, అతనిదీ అటే. ఈ అరబ్ దేశంలో చేసే పని పైప్ ఫిట్టింగ్. శుక్రవారం సాయంత్రం మాత్రం మా తెలుగు వాలీబాల్ టీమ్‌కు లిఫ్టర్. నెట్ దగ్గర నిలబడి స్మాషర్‌కు బాల్ లేపి ఇచ్చేవాడు. కొట్టేది నర్సయ్య. ఆట ఆడించేది శంకర్.

అతని షార్ట్ బాల్ చూడాలి.

నెట్‌కు జానెడు పైన, చేత్తో అక్కడ పెట్టినట్టు ఉండేది. దాన్ని కొట్టాలంటే బాల్ శంకర్ చేతికి తగలకముందే స్మాషర్ గాల్లోకి లేవాలి. చూసి ఎగిరితే అందదు. ఇస్తాడని నమ్మి ఎగరాలి.

నర్సయ్య ఎగిరేవాడు. బాల్ అక్కడ ఉండేది.

పాకిస్తాన్ వాళ్లు అవతలి టీమ్ అయినా సరే "వాహ్ ఉస్తాద్!" అని చప్పట్లు కొట్టేవాళ్లు. మావాళ్లయితే ఇసుకలోనే డాన్స్.

అప్పట్లో నేనూ రాబిగ్‌లోనే, నెట్ పోల్ పక్కన నీళ్ల క్యాన్ దగ్గర కూర్చునేవాణ్ణి. గేమ్ అయ్యాక శంకర్ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. అదే మా దోస్తీ.

తర్వాత మల్లేశ్ సంగతి వచ్చింది.

మల్లేశ్ అంటే శంకర్ రూమ్మేట్. కంపెనీ వదిలి బయట పనికి పారిపోయాడు. కంపెనీ అతని మీద హురూబ్ పెట్టింది, అంటే పారిపోయాడని కంప్లైంట్ ఇచ్చింది. కొన్ని నెలలకు మల్లేశ్ పోలీసులకు దొరికాడని, ఇండియాకు పంపేస్తున్నారని క్యాంపులో తెలిసింది.

ఆ వారమే శంకర్ క్యాంపు మేనేజర్ ఆఫీసులోంచి బయటికి రావడం ఎవరో చూశారు. మేనేజర్‌ను మేమంతా ముదీర్ అంటాం.

అంతే. వేరే సాక్ష్యం ఏమీ లేకుండానే, మల్లేశ్‌ను పట్టించింది శంకరే అన్నారు.

వెకేషన్ అడగడానికి పోయానని శంకర్ చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. నమ్మనివాళ్లకు రెండోసారి చెప్పే మనిషి కాదు.

వాట్సాప్ గ్రూపులో ఏమేం పెట్టారో ఇక్కడ రాయను. పెట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఆ తర్వాత గ్రౌండ్‌లో చప్పట్లు లేవు. శంకర్ చేతికి బాల్ వస్తే చాలు, వెనక నుంచి కేకలు.

"మాకెందుకిస్తవ్ బాలు? ముదీర్‌కియ్యి పో!"

"జర పైలం రా నర్సిగా, పేరు రాస్కపోతడు!"

నవ్వులు.

టీమ్ ఓడిపోవడం మొదలైంది. ఒక్క షార్ట్ బాల్ కూడా కుదరడం లేదు. శంకర్ చెయ్యి పోయింది అన్నారు అందరూ.

నేను పోల్ దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. చెయ్యి అదే. బాల్ వచ్చేదీ అక్కడికే. నర్సయ్యే లేటుగా లేస్తున్నాడు. ముందు బాల్ చూస్తున్నాడు, తర్వాత ఎగురుతున్నాడు. కావాలని కాదు. అలా చేస్తున్నానని వాడికే తెలియదు.

కొన్నాళ్లకు శంకర్ గ్రౌండ్‌కు రావడం మానేశాడు. నన్ను కంపెనీ ఖమీస్‌కు మార్చింది.

ఈమధ్య మల్లేశ్ ఊరి నుంచి నర్సయ్యకు వీడియో కాల్ చేశాడు.

"నన్నెవ్వలు పట్టియ్యలే రా. ఇంటి మీద పాణం గుంజింది. నేనే పోయి పోలీసోళ్ల ముంగట నిలవడ్డ. చెప్పుకుంటే సిగ్గయి, దొరికిన అని చెప్పిన."

ఇది తెలిశాక కూడా ఎవరూ శంకర్‌కు సారీ చెప్పలేదు. నర్సయ్య ఒక్కడు రూముకు పోయి, "అన్నా, శుక్రారం గ్రౌండ్‌కు రా. నువ్వు లేక ఉత్త గాలి కొడ్తున్నం" అన్నాడట.

శంకర్ గ్రౌండ్‌కు పోయాడు. మొన్న శుక్రవారమే.

గేమ్ అయ్యాక నాకు ఫోన్ చేశాడు. తనంతట తాను చేయడం చాలా తక్కువ.

"కాకా, ఆడిన."

"ఎట్లయింది?"

"గెలిచినం. మస్తు లొల్లి చేసిన్రు. భుజాల మీదికి లేపిన్రు."

"మంచిదే గద."



"నర్సిగాడు ఎగిరిండు కాకా. ఎన్కటి లెక్కనే, ముందుగాల ఎగిరిండు. నేనే ఇయ్యలేకపోయిన. ఎగురుతడో, ఎగురడో అనుకుంట అన్నీ పెద్ద బాల్సే లేపిన."

పెద్ద బాల్ అంటే పైకి, నిదానంగా, అందరికీ కనబడేటట్టు ఇచ్చేది. చూసుకుంటూ కొట్టొచ్చు. ఒకరినొకరు నమ్మే పని లేదు.



"అయితది తియ్యి. మళ్ల శుక్రారం ఇయ్యి" అన్నాను.

"ఇస్త కాకా" అన్నాడు. నవ్వాడు కూడా.

ఆ శుక్రవారం రేపే.

నిన్నటి నుంచి గ్రూపులో పూలు, దండాలు. "మన స్టార్" అని, "మన ఉస్తాద్" అని. అదే గ్రూపు. అవే పేర్లు. 

నర్సయ్య నిన్న ఫోన్ పెట్టే ముందు ఒకటి అడిగాడు.

"ఆఖరి దాంక నన్ను నమ్మకుంటనే పోయిండా కాకా?"

"లేదు బిడ్డా. ఇస్తనన్నడు" అన్నాను.

అంతకంటే నాకూ తెలియదు.

శంకర్, ఇక నువ్వు ఎవరికీ ఏదీ చెప్పుకునే పని లేదు.

పోయి రా బిడ్డా. నిమ్మళంగా ఉండు.