బస్సు వెనక కొత్త బండి

ఖమ్మంలో బ్యాంకుకు, కూరగాయలకు, దవాఖానాకు తిరగడానికి పోయిన నెలలో వంద సీసీ మామూలు బండి ఒకటి కొన్నాను. పాత బండిని నేను నడుపుతుంటే, రైతుబజారు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద వెనక కూర్చున్న నా భార్య సుగుణ పడి, ఆమె మణికట్టు విరిగింది. రెండేళ్ల నాటి మాట. అప్పటి నుంచి ఆమెకు ఆటోయే. "ముందు భద్రాచలంల పూజ గానియ్యండ్రి. ఎక్కుడో మానుడో అప్పుడు చూస్త" అంది. పూజయ్యాక కూడా ఎక్కనంటే ఈ బండి నా ఒక్కడికే.

శుక్రవారం పొద్దున ఆరుంపావుకు ఆమె కొత్త బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. నేను పెట్రోలు పోయించుకొని వెనకే బయలుదేరాను. కొత్త ఇంజను కనుక తొందరపెట్టలేదు. బస్సు ముందుకు పోయినా ఏదో ఒక స్టాపులో దొరికేది.

కొత్తగూడెంలో బస్సు కాసేపు ఆగింది. ఇడ్లీ పొట్లం కట్టించి కిటికీలోంచి సుగుణకు అందించాను. పక్క సీటులో గని కార్మికుడి భార్య ఒకామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందక్కా, మీ సారు బస్సుకు కాపలా వస్తుండా?"

"అవ్. నేను బండెక్కనన్న. గందుకే బస్సు పొగ మింగుకుంట ఎనక వస్తుండ్రు."

"ఎక్కొచ్చు గదక్కా. మా ఆయన బండి మీదైతే నేను తప్ప అందరు ఎక్కుతరు."

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి. కోతులు రోడ్డు మధ్యలోనే కూర్చుంటాయి, హారన్‌కు లేవవు. లారీల వెనక దూరం పాటించడం మంచిది. గోదావరి వంతెన దాటి గుడి చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. సుగుణ అప్పటికే కొబ్బరికాయ, నిమ్మకాయలు కొని నీడలో నిలబడి ఉంది.

వాహన పూజ గుడి బయటే చేస్తారు. ఎండ ముదరకముందే వెళ్లాలి. అర్చకుడు హ్యాండిల్‌కు పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, బండి పోనివ్వమన్నారు.

"మెల్లగ" అంది సుగుణ, చక్రం వైపే చూస్తూ.

దర్శనం, భోజనం ముగిశాక ఆమె బండి వెనక కడ్డీని రెండుసార్లు గుంజి చూసి, చీర సర్దుకొని కూర్చుంది. "కొత్తగూడెం దాంకనే. ఆడికెల్లి మళ్ల బస్సే."

నేను గేరు వేశాను. దారిలో ప్రతి గూడెం దగ్గరా ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇంకా దూరం ఉండగానే ఆమె "బ్రేకర్" అనేది.

"కనపడుతోందిలే" అన్నాను ఒకసారి.

"అప్పుడు గూడ గట్లనే అన్నరు."

కొత్తగూడెంలో దిగి, మోకాళ్లు సాగదీసుకొని, అన్నట్టే బస్సెక్కింది. నేను ముందే ఖమ్మం చేరి బస్టాండు బయట నిలబడ్డాను. సాయంత్రం ఐదున్నరకు ఆమె దిగింది. ఆటోవాళ్లు పిలుస్తున్నా ఆగకుండా వచ్చి బండెక్కింది.

మొత్తం మీద రోడ్డు బాగుంది, బండి ఎక్కడా మొరాయించలేదు. టౌనులోనూ ప్రతి బ్రేకర్‌నూ ఆమె ముందే చెప్పింది. రైతుబజారు మలుపు వచ్చింది. వెనక నుంచి మాట లేదు. ఫస్ట్ గేరులోకి దించి, మెల్లగా దాటించాను.

"దీనికి చెప్పలేదేం?" అన్నాను.

"ఇది గూడ నేనే చెప్పాల్నా?" అంది.