చంక చూపించని పిల్ల

"చెయ్యెత్తు పాపా."

"ఎత్తదు. నా బిడ్డ యాడన్నా దొంగతనం చేసిందా, సోదా చేస్తాండావు?" రత్న తల్లి శాంతమ్మ నా మీదికొచ్చింది.

"సోదా కాదమ్మా, గడ్డ ఉందేమో చూస్తాండాను. పిల్లోళ్లంతా ఎత్తినారు. నీ బిడ్డ చెయ్యేమన్నా బంగారుదా?"

"శెట్టిగారింటి బిడ్డకు గడ్డా? నోరు కడుక్కో ఈరమ్మా!"

"వచ్చే గడ్డ శెట్టిగారిల్లా కాదా అని అడిగి వస్తుందా? ఎత్తకుంటే ఆటకు విడవను."

పంతొమ్మిది వందల ముప్పైల చివరి మాట ఇది. ఆదోనిలో ప్లేగు వచ్చింది. ఇండ్లల్లో ఎలుకలు చచ్చి రాలేసరికి జనం తాళాలేసుకుని ఊరి బయట గుడిసెల్లో చేరినారు. దాన్ని క్యాంపు అనేవాళ్లం. నేను ఆడపిల్లల బడిలో ఆయాను. నా చదువు మూడో తరగతితో సరి.

జబ్బు కొంచెం తగ్గినాక, పిల్లలు గుడిసెల్లో ముడుచుకుని పాడైపోతున్నారని డ్రిల్లు పంతులమ్మ పొద్దున పూట బయలులో కోలాటం మొదలుపెట్టింది. కోలాటమే ఎందుకంటే చేతులు పట్టుకునే పని లేదు, కోలలే తగులుతాయి. ఎవరి కోలలు వాళ్లవి, ఎండలో ఆరబెట్టి తేవాలి. ఎవరి చెంబు వాళ్లది. ఆటకు ముందు ప్రతి పిల్ల మెడా చంకా తడిమి చూడాలి, ప్లేగు గడ్డ లేచేది అట్లాంటి చోట్లే. పంతులమ్మ దీన్ని ఇన్‌స్పెక్షన్ అనేది. పేరు ఆమె పెట్టింది, తడిమేది నేను. ప్రతిసారీ చేతులు కడగాలి గనక సబ్బును దారంతో ముక్కలు కోసి పొదుపుగా వాడేదాన్ని.

శాంతమ్మ మీద నాకు అనుమానం ఊరికే రాలేదు. వాళ్లది దూది వ్యాపారం. ఇంట్లో గడ్డ అని పొక్కితే ఆ దూదిని ఎవరూ ముట్టరు. పైగా తల్లీబిడ్డా ఎమ్మిగనూరు పుట్టింటికి పోయి ముందు రోజే వచ్చినారు. కోలాటంలో రత్నకు ఎదురు నిలబడి కోల కలిపేది నా కూతురు.

పిల్లను తడిక చాటుకు తీసుకుపోయి చెయ్యెత్తించినాను. అమ్మా అని అరిచింది. చంకలో రేగ్గాయంత గడ్డ.

శాంతమ్మ గొంతు తగ్గించింది. "అది సూది వాపు ఈరమ్మా. ఎమ్మిగనూరులో వేయించినాను. మా అత్తకు చెప్పొద్దు, నీకు దండం పెడతాను."

ప్లేగు రాకుండా వేసే సూదిని ఇనాక్యులేషన్ అంటారు. దానికి చెయ్యి వాచి, ఒక్కోసారి చంకలో గడ్డ కట్టి, జ్వరం వస్తుంది. కానీ ఆ అత్త పెద్దకొడుకు సూది వేయించుకున్న వారంలోనే పోయినాడు. ఇంకెవరన్నా వేయించుకుంటే ఆ చేతి కూడు తిననని ఆమె ఒట్టు పెట్టుకుంది.

శాంతమ్మ బిడ్డ వాచిన భుజం మీద చిన్న చుక్క చూపించింది. అది సూదిదో ముల్లుదో నాకేం తెలుసు? గడ్డ దాచేవాళ్లూ ఇదే మాట చెప్తారు.

"నమ్మను శాంతమ్మా. రేపు పొద్దున పంతులమ్మకు చెప్తాను."

"చెప్తే జబ్బోళ్ల షెడ్డులో వేస్తారు. ఆడ పడితే లేని జబ్బు అంటుకోదా బిడ్డకు?"

"అయితే సూదేనని చూపించు."

ఏడ్చుకుంటా బిడ్డను తీసుకుపోయింది.

మరుసటి పొద్దున శాంతమ్మ రత్నను తీసుకుని బయలుకు వచ్చింది. మనవరాలిని ఆటకు ఎందుకు రానీలేదో అడుగుతానని ఆ అత్త కూడా వెనకనే వచ్చింది. పంతులమ్మ ఉంది, పిల్లలున్నారు. శాంతమ్మ అందరి ముందరా రవిక చెయ్యి పైకి లాగింది. ఆమె భుజమూ వాచి ఎర్రగా ఉంది. అదే చోట, అట్లాంటిదే చుక్క.

"ఇద్దరమూ ఒకేసారి వేయించుకున్నాము. చూసుకో ఈరమ్మా," అనింది.

పంతులమ్మ ఇద్దరి చేతులూ చూసి షెడ్డుకు పంపే పని లేదనింది. వాపు తగ్గేదాకా ఆటకు మాత్రం వద్దని నేను పిల్లను దూరంగా కూర్చోబెట్టినాను. ముసలామె గుడిసెకు పోయి తన కుండా మూడు రాళ్లూ తీసుకుని, అవతలి పక్క వేరే పొయ్యి పెట్టుకుంది.