పదో తరగతి ఆది

ఒకచోట కుదురుగా కూర్చోమంటే నా వల్ల కాదు. పొద్దున గ్రౌండులో షాట్‌పుట్, మధ్యాహ్నం కాలేజీలో బొమ్మలు. బొమ్మలంటే నావే. నెలకోసారి ఖాకీ కాగితం మీద వెల్లకిలా పడుకుంటాను, స్నేహితురాలు నా ఒంటి చుట్టూ సుద్దతో గీస్తుంది. ఆ గీత లోపల ఎర్రమట్టి అరచేతులు అద్దుతాను. గుండు విసిరేటప్పటి నా కేక ఫోన్లో రికార్డు చేసి పక్కన వినిపిస్తాను. నెలనెలా పెరిగే ఈ భుజాలు ఎవరివో నాకే తెలియడం లేదు మరి.

నాన్నకి మాత్రం నేనింకా పదో తరగతి పిల్లనే. ఆయనది వన్ టౌన్‌లో టైలర్ షాపు. ఆడపిల్ల ఎదిగాక తండ్రి టేపు పెట్టడం మా ఇళ్లలో లేదు. అప్పటి డ్రెస్సొకటి కొలతకి ఆదిగా సొరుగులో ఉంచుకుని, కాస్త వదులు పెట్టి ఇప్పటికీ దాంతోనే కుడతాడు. చెయ్యెత్తితే చాలు, చంక దగ్గర పర్రుమంటుంది. చెబుదామంటే, ఈ భుజాలు చూసి ఆట మాన్పిస్తాడేమోనని భయం. చెప్పకపోతే ఒళ్లుమంట.

తెల్లారితే కాలేజీలో ప్రదర్శన. షాపు అటక మీద దాచిన కాగితాల్లో ఆఖరిది, ఇంకా మట్టి అద్దనిది, కనపడలేదు. వెతుక్కుంటూ కిందికి దిగేసరికి, పామర్రు నుంచి వచ్చిన పెళ్లికొడుకు కొత్త కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. భుజాలు జారిపోతున్నాయి.

"ఏవండీ మాస్టారూ, ఇందులో మా తమ్ముడు కూడా పడతాడండీ!"

సరిచేసి ఇస్తానని అతన్ని పంపేసి, నాన్న నా కాగితం ఎత్తి చూపించాడు. "ఎవడిదే ఈ కొలత? అటక మీద కనపడితే ఆయనదే అనుకుని కత్తిరించి చచ్చాను!"

"ఎవడిదీ కాదు. నాది."

నాన్న నవ్వాడు. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. నవ్వు ఆగిపోయింది. అయిపోయింది, రేపటి నుంచి గ్రౌండు లేదనుకున్నాను. సొరుగు లాగిన చప్పుడైంది. ఆది తీసి నా వీపుకి ఆనించాడు. రెండు భుజాలూ బయటే ఉండిపోయాయి.

"ఇన్నాళ్లూ దీంతోనా కుట్టింది! చెప్పొచ్చు కదే?"

"చెబితే ఆట మాన్పిస్తావని."

నాన్న ఆదిని మడిచాడు, మళ్లీ విప్పాడు. "మరి ఇక నీకు ఆది ఏది?"

"నేనున్నాగా నాన్నా. కొలుచుకో."

మెడలో టేపు తీశాడు. నా ఈ భుజం నుంచి ఆ భుజానికి పెట్టాడు.

"భుజం పదిహేడు," అన్నాడు, మిషన్ల మీద ఉన్నవాళ్లంతా తలెత్తేలా. "రాయండి."