అద్దాల పెట్టెలో ఇనుప మనిషి

ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ దిగి, వాచిన కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టుకుని ఫోన్ తెరిచాను. మన బడి గ్రూపులో ఎవరో రెండు పాత ఇంగ్లీషు సినిమాల ఫోటోలు పెట్టి పేర్లు చెప్పమన్నారు. ఒకదానిలో ఇనుప మనిషి. ఇంకోదానిలో మెట్ల మీద దీపం పట్టుకున్న తెల్లగౌను దయ్యం.

"రెండూ ఒకటే సినిమా" అని రాశాను.

"నీకు నిద్ర సాల్తలేదురా, జర పండుకో" అని ఒకడు రాశాడు. మొదటిది సైన్సు సినిమా అట, రెండోది దయ్యాల సినిమా అట.

మీకు గుర్తుందా, మన శంషాబాద్ టాకీసు బయట అద్దాల పెట్టె? 'త్వరలో' అన్న అట్ట కింద ఈ రెండు ఫోటోలూ పక్కపక్కనే గుచ్చి ఉండేవి. ఎండకు వెలిసిపోయాయి గానీ సినిమా మాత్రం రాలేదు. వచ్చినా మా బాపు పంపేవాడు కాదు. అందుకే బడి నుంచి వస్తూ, అద్దానికి ముక్కు ఆనించి మా అక్కే కథ చెప్పేది. ఆ మెట్ల ఇంట్లో చిక్కుకుపోయిన తెల్లగౌను ఆమెను తీసుకుపోవడానికి ఇనుప మనిషి చుక్కల్లోంచి నడిచి వస్తున్నాడట. రోజుకు కొంచెం దగ్గరయ్యేవాడు.

టాకీసువాళ్లు రెండు సినిమాల ఫోటోలు కలిపేశారని నాకు నలభై ఏళ్లు దాటాక, ఇప్పుడు తెలిసింది. షాద్‌నగర్‌లో ఒక్కతే ఉంటున్న అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"రెండు సినిమాలా?" అంది అక్క.

"అంటే, ఆమెను తీస్కపోనీకి ఎవ్వలు రాలేదారా?"