అడవి కాఫీకి కాపలా

అర్సెన్ పెరిన్ నోరు మంచిది కాదని రోడ్రిగ్స్ దీవిలో ఎవరినడిగినా చెబుతారు. మేకల్ని తిట్టేవాడు, మేకలవాళ్లనీ తిట్టేవాడు. తిట్టడా మరి? తాతల నాటి చెట్లలో మేకలు మేసినవి మేయగా, పొయ్యిలోకి పోయినవి పోగా, అడవి కాఫీ ఒకే ఒక్క మొక్క మిగిలింది. అదీ ఎప్పుడో అంతరించిపోయిందని చదువుకున్నవాళ్లు పుస్తకాల్లో రాసేశారు కూడా. లోయలో అది కనబడ్డాక అటవీశాఖ వాళ్లు చుట్టూ కంచె కట్టి, అర్సెన్‌ను కాపలా పెట్టారు.

ఆ కంచే కొంప ముంచింది. సర్కారు ఇనప కంచె వేసి మరీ దాచిందంటే అందులో ఎంత మహత్తు ఉండాలి అనుకున్నారు జనం. జ్వరానికన్నారు, నడుం నొప్పికన్నారు, కడుపు పండడానికన్నారు. అర్సెన్ అలా భోజనానికెళ్లి వచ్చేలోపు కొమ్మలు మాయం. చివరికి మోడు మిగిలింది. ఆ రోజు ఆయన రాయి మీద కూర్చుని ఏడ్చాడు, దాచడమెందుకు.

కొన్నాళ్లకు మోడు చిగురేసింది. అప్పుడు తట్టింది ఉపాయం. చిగురు మీద ముళ్లకంప కప్పేశాడు. కంచె ఊడబీకి తీసుకెళ్లి, రోడ్డు పక్కన ఊరూ పేరూ లేని ఓ చేదాకు పొద చుట్టూ పాతాడు. పాతది చచ్చిందనీ, సర్కారుకు ఇంకోటి దొరికిందనీ అందరికీ చెప్పాడు. అటవీశాఖ వాళ్లు నవ్వి ఊరుకున్నారు. జనం అటు మళ్లారు. ఈయన అదిలించేవాడు, వాళ్లు కోసుకునేవాళ్లు. జ్వరాలు వాటంతటవే తగ్గేవి, పేరు పొదకొచ్చేది. కంప కింద అసలు మొక్క మోకాలెత్తు పెరిగింది. ఊళ్లో ఈ సంగతి భార్య ఓజెలీకి ఒక్కదానికే తెలుసు.

ఓజెలీ నడుంలోతు నీళ్లలో నిలబడి ఈటెతో అక్టోపస్‌లు పొడిచే మనిషి. ఓ చలికాలం తడిసి తడిసి జ్వరంతో మంచాన పడింది. ఆస్పత్రి మందు వేసుకుంటూనే మొగుణ్ని పిలిచింది.

"ఏమయ్యా, నాకు కాఫీ ఆకు కషాయం కావాలి. ఊళ్లో వెర్రివాళ్లకు అంటగట్టావే, అది కాదు. అసలుది."

"అందులో ఏముందే?"

"మా అమ్మమ్మ ఇచ్చేది. ఇన్నాళ్లూ నాకంటే దానికే ఎక్కువ మొగుడివి. ఒక్క రెమ్మ తెస్తే నీ సొమ్మేం పోయింది?"

అర్సెన్ కత్తి పట్టుకుని లోయలోకి దిగాడు. ముళ్లకంప తొలగించాడు. ఉన్నవే నాలుగు రెమ్మలు, ఒకదాని కొసన మొగ్గ. రెమ్మను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పెళ్లాం మీద ప్రేమ లేక కాదు, చెయ్యి రాలేదు. కంప మళ్లీ కప్పేసి, వచ్చే దారిలో చేదాకు దూసుకొచ్చి మరగబెట్టాడు.

ఓజెలీ మొహం చిట్లించుకుంటూ గిన్నెడూ తాగింది. తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది. మొక్కజొన్న జావ పట్టుకొచ్చిన మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

"నాకోసం కోశావు" అంది. "నువ్వు కొయ్యవనే అనుకున్నానయ్యా." కళ్లు తుడుచుకుంది. "ఇంకెప్పుడూ కొయ్యకు. నేనడిగినా సరే. పాపం, దానికి తోడెవరూ లేరు."

అర్సెన్ తలూపాడు. "జావ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.