ముహూర్తం లేని నీళ్లు

జ్ఞానశేఖర్‌ది వాల్వులు తిప్పే ఉద్యోగం. పాతనగరంలో ఏ వీధికి నీళ్లు ఎప్పుడు వదలాలో ఇరవై రెండేళ్లుగా అతనే చూస్తున్నాడు. చేతిలో నిలువెత్తు ఇనప చువ్వ, దానికి పైన అడ్డపిడి. రోడ్డు మధ్య గుంతలోకి దాన్ని దించి నాలుగు తిప్పులు తిప్పాడంటే చాలు, వీధి పొడుగునా బిందెల చప్పుడు లేస్తుంది. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టుదే. పర్మినెంట్ చేస్తామని మాట ఇచ్చినవాళ్లలో ముగ్గురు పదవులు కూడా దిగిపోయారు.

ఊరందరికీ నీళ్లిచ్చే ఈ మనిషి కాపురం కొండవాలు కాలనీలో. అక్కడికి నీళ్లు ఎక్కవు. అతని భార్య పుష్పకుమారి రోజూ నూట పన్నెండు మెట్లు బిందెలు మోస్తుంది. రేవులోని బొగ్గు గుట్టల నుంచి గాలికొచ్చే నల్లదుమ్ము గిన్నెల మీదా బట్టల మీదా పేరుకుంటుంటే, కడుక్కోవడానికే నాలుగు బిందెలు కావాలి.

"నీల్లొదిలితే ఏ ఈదిలోనైనా అందరూ నన్ను సూసి నవ్వుతారు, నువ్వు తప్ప" అని అతను ఆటపట్టిస్తే, "ఒక్క బిందె మోసుకొచ్చి అప్పుడు నువ్వు నవ్వు, సూద్దాం" అనేదావిడ.

కిందటి ఎన్నికల్లో నరసింహమూర్తి అనే నాయకుడు కొండెక్కి వచ్చాడు. గుడిలో బొట్టు పెట్టించుకున్నాడు, మసీదు ముందు టోపీ పెట్టుకున్నాడు, చర్చిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొండమీద ట్యాంకు కట్టిస్తానన్నాడు. జ్ఞానశేఖర్ పొంగిపోయాడు. జెండా పట్టుకుని నెల రోజులు ఆ మెట్లన్నీ ఎక్కి దిగాడు. "నా మాట నమ్మండమ్మా, ఈయన సేత్తాడు" అని గడప గడపకీ చెప్పాడు. ఆడవాళ్లు అతని ముఖం చూసి ఓటేశారు.

మాట తప్పాడని అనడానికి లేదు. ట్యాంకు కట్టించాడు. చలికాలానికల్లా మోటారు బిగించారు, పైపులు వేశారు, వరసకో కుళాయి పెట్టారు. ఇక ప్రారంభోత్సవమే తరువాయి.

మొదట మూఢం అన్నారు. మంచి రోజులు వచ్చేదాకా కొండ ఆగింది. మూఢం పోయేసరికి రంజాను ఉపవాసాలూ, క్రైస్తవులు ఈస్టరుకు ముందు పాటించే శ్రమదినాలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. జ్ఞానశేఖర్ నాయకుడి ఆఫీసుకు వెళ్లాడు.

"ముగ్గురు మతపెద్దలూ వేదిక మీద ఉండాలయ్యా. ఫొటోలో ఒక్కరు తగ్గినా ఆ ఓట్లు పోయినట్టే. పండగలన్నీ అయ్యాక పెద్దగా చేద్దాం" అన్నాడు నరసింహమూర్తి.

"ఫొటో సరే బాబూ, మరి నీల్లు?"

"ఇన్నేళ్లు ఆగారు, రెండు నెలలు ఆగలేరా?"

మర్నాడు పొద్దున్నే తొంభయ్యో మెట్టు మీద పుష్పకుమారి కాలు జారింది. బిందె కిందదాకా దొర్లింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. కట్టు కడుతుంటే ఆవిడ ఏడవలేదు. "మీ నాయకుడికి ఈ మోకాలు కూడా ఫొటో తీసి పంపు" అంది. జ్ఞానశేఖర్ తల దించుకున్నాడు. ఈ కొండకు ఆ మనిషిని నమ్మమని చెప్పింది తనే.

అతని స్నేహితుడు రహమాన్, తాళాలు బాగుచేసేవాడు, పక్క వరసలోనే ఉంటాడు. ఇద్దరూ కలిసి గుడి పంతులుగారి దగ్గరికీ, ఇమాం సాహెబు దగ్గరికీ, పాస్టరుగారి దగ్గరికీ వెళ్లి అడిగొచ్చారు. నీళ్లు వదలొద్దని ముగ్గురిలో ఒక్కరూ అనలేదు. దాహానికి మూఢమేమిటని పంతులుగారు కోప్పడ్డారు కూడా.

"దేవుల్లకి లేని అడ్డం ఈయనకెందుకు బావా?" అన్నాడు రహమాన్.

"దేవుల్లు ఓట్లడగరు కదేటి" అన్నాడు జ్ఞానశేఖర్. చాలా రోజుల తర్వాత ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆ నవ్వులోనే అతనికి తన పనిలో ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్త లైను వేస్తే, ప్రారంభించేముందు నీళ్లు వదిలి కడగాలి, పరీక్షించాలి. పనివాళ్లందరికీ తెలిసిన నియమం. ఎన్ని రోజులని ఎక్కడా రాసిలేదు. నీళ్ల ఆఫీసు ఇంజినీరుకు చెబితే ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే, "పరీక్షే కదా, చెయ్యి" అన్నాడు.

మర్నాడు ఆరింటికి చువ్వ గుంతలో దిగింది. పైపు గరగరమంది, దగ్గింది, ఎర్రనీళ్లు కక్కింది. మూడో రోజుకు తేటబడింది. కొండ కొండంతా బిందెలతో కుళాయిల దగ్గరికి దిగింది. ఎవరడిగినా ఆడవాళ్లది ఒకే జవాబు: "టెస్టింగు!"

తొమ్మిదో రోజు నరసింహమూర్తి కారు మెట్ల కింద ఆగింది. రొప్పుతూ పైకి వచ్చాడు.

"ఎవడు తిప్పమన్నాడు నిన్ను? ప్రారంభం కాకుండా నీళ్లు వాడేస్తే నేనింక ఏం ప్రారంభించాలి?"

"టెస్ట్ సేత్తన్నాను బాబూ. రేపు ముగ్గురు పెద్దల ముందు మీరు కుళాయి తిప్పినప్పుడు నీల్లు రాకపోతే మీ పరువేటవుతాది?"

కుళాయి దగ్గరున్న చిట్టెమ్మ అనే ముసలావిడ అందుకుంది. "బాబుగారి పరువు కోసమేనయ్యా మేం తాగుతున్నాం. తాగలేక సత్తన్నాం!"

వరసంతా గొల్లుమంది. నరసింహమూర్తి ముఖం కందిపోయింది. "కట్టెయ్. ఇప్పుడే కట్టెయ్."

జ్ఞానశేఖర్‌ది ఒక్క ఫోనుతో ఊడిపోయే ఉద్యోగం. వాకిట్లో కాలు చాపుకుని కూర్చున్న పుష్పకుమారి తననే చూస్తోంది. అతను చువ్వను గుంతలోంచి పైకి లాగి రెండు చేతులతో నాయకుడికి అందించాడు.

"నాను కట్టలేను బాబూ. మీ కోసం వీల్లందరికీ మాటిచ్చినోడ్ని. మీరే కట్టండి."

నరసింహమూర్తి చువ్వ వైపు చూశాడు. బిందెల వరస వైపు చూశాడు. రహమాన్ ఫోను ఎత్తి పట్టుకుని, "ఇటు తిరగండి సార్, ఫొటో బాగొత్తాది" అన్నాడు.

నరసింహమూర్తి చువ్వ అందుకోలేదు. "బాగా టెస్ట్ చెయ్యండి" అని గొణిగి నాయకుడు మెట్లు దిగిపోయాడు. నీళ్లు ఆగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

వారం తిరక్కుండా జ్ఞానశేఖర్‌ని ఊరికి దూరంగా పెందుర్తి వైపు వేసేశారు. రెండు బస్సులు మారాలి, రెండో బస్సు కోసం దారిలో నిలబడి ఎదురుచూడాలి. ఉద్యోగం మిగిలింది, అది చాలు. వెళ్లే ముందు కొత్తగా వచ్చినవాడికి చువ్వ అప్పగించి, రోజుకు ఎన్ని తిప్పులో చెప్పాడు. చిట్టెమ్మ పక్కనే నిలబడి లెక్కపెట్టుకుంది.

"ఆరింటికే లేవాలి నాయనా. లేకపోతే మేమే లేపుతాం" అని ఆ కొత్తవాణ్ణి హెచ్చరించింది.

ఆ రాత్రి పుష్పకుమారి కారేజీ గిన్నెలు కుళాయి కిందే కడుగుతూ, "ఇంక ఏ నాయకుడి జెండా అయినా మోత్తావా?" అని అడిగింది.

"మోయను. నాకు సువ్వ బరువు సాలు."

మొదటిరోజు పెందుర్తిలో బస్సు దిగి, ఒక వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల ముందు ఆగాడు. తన పేరు చెప్పాడు, చేసే పని చెప్పాడు. తర్వాత భుజాన ఉన్న సంచీ దించి అడిగాడు:

"మీకాడ కట్టడం అయిపోయి, ఇంకా తెరవకుండా ఒగ్గేసినవి ఏటేటున్నాయమ్మా?"