నిండు బాటిల్

మే నెల. ఉదయం ఐదున్నరకు లారీ మమ్మల్ని కళ్యాణదుర్గం అవతల ఒక బోడిగుట్ట కింద దించింది. సైన్యంలో ఒక కోర్సుకు నాలుగు రోజుల నడక పరీక్ష. వీపున ఇరవై కిలోల సంచి, నడుముకు రెండు లీటరు బాటిళ్లు. సాయంత్రం మళ్లీ నింపుతారు. పరీక్ష తప్పితే కోర్సు నుంచి వెనక్కే.

"గంటగంటకూ తాగాల. మర్చిపోతే పోతారు" అన్నాడు శిక్షణ ఇచ్చే హవల్దారు. ఆయన రాయదుర్గం మనిషి. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం.

నాదీ ఆ జిల్లానే, గార్లదిన్నె పక్క పల్లె. అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. ఈ ఎండ ఏం చేస్తుందో నాకు తెలుసు.

నా జోడీ వైర్‌లెస్ మోసే సిపాయి. కోనసీమ కాలువల పక్కన పెరిగినవాడు. మొదటిరోజు పదకొండుకే ఊపిరందక ఒక రాయి మీద కూర్చుండిపోయాడు.

"నా వల్ల కాదన్నా."

"బాటిల్ పట్టుకో. నిండుగా ఉండాదా?"

"ఉందన్నా."

"అది నిండుగా ఉన్నంతసేపు నీకేం గాదప్పా. దాచుకో."

లేచి నడిచాడు. నేను చేసేదీ అదే. గుక్కెడుతో గొంతు తడుపుకుని, తొడకు తగిలే ఆ బరువుతో ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. పెద్ద గురువునైపోయానని లోపల గర్వం కూడా.

మూడోరోజు మధ్యాహ్నం రెండూ పది. ఎర్రటి బీడు. గాలి లేదు. అతను వైర్‌లెస్‌లో చెబుతున్నాడు: "కాలువ దాటుతున్నాం, ఓవర్."

ఆ చుట్టుపక్కల కాలువే లేదు. అతని నుదుటి మీద చెయ్యి వేశాను. ఒక్క చెమట చుక్క లేదు. పెనంలా కాలుతోంది. అంతలోనే కూలిపోయాడు.

ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి అతని బాటిళ్ల మూతలు తిప్పాడు. ఒకటి మూతి దాకా ఉంది. రెండోది రెండు గుక్కలే తగ్గింది. ఆ నీళ్లన్నీ అతని మీద కుమ్మరించాడు. కాసేపటికి అతను కళ్లు తెరిచాడు.

"నీళ్లు పెట్టుకుని సస్తావేమిరా? ఎవురు జెప్పినారు దాచుకోమని?"

నేను ఖాళీ బాటిల్ మూత బిగించసాగాను. నేనేనని చెబితే నన్నూ పంపేస్తారు. అతను నన్నే చూశాడు.

"ఎవరూ చెప్పలేదు ఉస్తాద్."

అతను బతికాడు. కోర్సు నుంచి పంపేశారు. నేను పాసయ్యాను.

సర్వీసు ముగించి ఊరికొచ్చి సేద్యం చేస్తున్నాను. చేలో కూలీలకు గంటగంటకూ దగ్గరుండి నీళ్లు తాగిస్తాను. "మిలిట్రీ అన్నకు నీళ్ల పిచ్చి పట్టుకోనుండాది" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ వాళ్ల నుదుట చెమట కనిపించేదాకా నాకు నెమ్మది ఉండదు. ఆ పొడి నుదురు నా అరచేతిలో ఇంకా కాలుతూనే ఉంది.